ఇద్దరు పిల్లలు, ఒక్క అమ్మ, కాలనీ పార్కు

ప్రశ్న: అమ్మా, నమస్తే. మేము హైదరాబాద్ మూసాపేటలో ఉంటాం. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాదిన్నర. మాది మూడో అంతస్తులో ఫ్లాటు. ఇంట్లో ఉంటే సోఫా మీద నుంచి దూకుళ్లు, కింది ఇంటివాళ్ల కంప్లైంట్లు. అందుకని రోజు విడిచి రోజు సాయంత్రం కాలనీ పార్కుకి తీసుకెళ్తున్నాను. అక్కడ వాడు ఒకవైపు పరుగు, ఇది ఇంకోవైపు పరుగు. పాప జారుడుబల్ల కోసం ఏడుస్తుంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని నేనే జారుతున్నాను. బాబు ఉయ్యాల ఎక్కితే దిగడు, పక్క పిల్లల్ని తోసేస్తాడు. అందరూ నన్నే చూస్తారు. రెండు గంటలు ఆడించినా, ఇంటికెళ్దామంటే నేలమీద పడి దొర్లుతాడు. మొన్న ఆదివారం జూకి వెళ్తే పులిని చూడకుండానే ఇద్దరూ ఏడుపు, నాకూ మా ఆయనకీ గొడవ. ‘మాల్‌లో ప్లే జోన్ ఉందిగా, చల్లగా ఏసీలో ఆడుకుంటారు’ అంటారాయన. ‘మట్టి, ఎండ, కుక్కలు... ఎందుకొచ్చిన తిప్పలు?’ అంటారు అత్తయ్య. మానేద్దామా అనిపిస్తోంది. నాకే చేతకావడం లేదా?

– ఒక అమ్మ, మూసాపేట

జవాబు: మిగతా సంగతులన్నీ తర్వాత మాట్లాడుకుందాం. పాపని ఒళ్లో పెట్టుకుని జారడం మాత్రం ఇవాళ్టి నుంచే మానెయ్యండి.

ప్రేమ కొద్దీ, జాగ్రత్త కొద్దీ చేస్తున్నారని తెలుసు. నేనూ చేశాను. కానీ పిల్ల ఒక్కతే జారేటప్పటి కంటే మన ఒళ్లో జారేటప్పుడే కాలు విరిగే ప్రమాదం ఎక్కువ. ఎందుకో చెప్తాను. పాప చెప్పు అడుగున రబ్బరు ఉంటుంది. అది జారుడుబల్ల అంచుకో అడుగుకో తగిలి పట్టేస్తుంది. ఒక్కతే జారుతుంటే తన బరువెంత, పది కిలోలు. అక్కడే ఆగిపోతుంది. వెనక మీరుంటే ఆగదు. కాలు అక్కడే ఉండిపోతుంది, మీ బరువు పిల్లని ముందుకి తోసేస్తుంది. మోకాలి కింది పెద్ద ఎముక మెలి తిరిగి చిట్లుతుంది. అమెరికాలో 2002 నుంచి 2015 దాకా జారుడుబల్లల మీద దెబ్బలు తగిలిన ఆరేళ్ల లోపు పిల్లల లెక్క తీస్తే, అందులో 12 నుంచి 23 నెలల వాళ్లే ఎక్కువ. మీ పాప వయసు సరిగ్గా అదే. ఇలా చిట్లినప్పుడు ఒక్కోసారి వాపు కూడా కనిపించదు. పిల్ల ఏడుపు మానాక కూడా ఆ కాలు నేలకి ఆనించకపోతే, ‘బెణికింది, నూనె రాద్దాం’ అనుకోకుండా ఎక్స్‌రే తీయించండి.

మరి ఏడుస్తుందే అంటారు. మీ పార్కులో మన నడుము ఎత్తుకి మించని చిన్న జారుడుబల్ల ఉంటే పాపనే మెట్లెక్కనివ్వండి, మీరు పక్కన నిలబడండి. బోర్లా పడుకుని, కాళ్లు ముందు పెట్టి జారడం నేర్పండి. రెండు రోజుల్లో నేర్చేసుకుంటారు. అలాంటిది లేదనుకోండి, ఆ పార్కులో జారుడుబల్ల ఇంకా పాపది కాదు, అంతే. ఆ మాట పాపకి చెప్పి ఇసుకలోకి తీసుకెళ్లండి. ఇరవై రెండేళ్లు చిన్నపిల్లల బడి నడిపాను. అన్నాళ్లలో నేను పట్టుకు వేలాడిన నియమం ఒక్కటే: పిల్లలు తమంత తాము ఎక్కలేని దాని మీదకి మనం ఎత్తి కూర్చోబెట్టకూడదు. ఎక్కగలిగినవాళ్లు దాదాపుగా దిగగలరు కూడా. మా అబ్బాయికి మూడేళ్లప్పుడు, వాడు సరదా పడుతున్నాడు కదా అని ఇనుప కమ్మీల గుమ్మటం మీదకి ఎత్తి కూర్చోబెట్టాను. వాడు నాలుగు కమ్మీలు పైకెక్కి అక్కడ బిగుసుకుపోయాడు. నాకేమో అందడు. చివరికి తోటమాలి చెప్పులిప్పేసి పైకెక్కి దించాడు. ఆయన ఒక్క మాటా అనలేదు, నా వైపు చూశాడంతే. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. మీకు చేతకాకపోవడం కాదు. మీరు వెళ్లేది తక్కువసార్లు, వెళ్తే ఉండేది మరీ ఎక్కువసేపు. నాకు కనిపించిన తప్పు అదొక్కటే.

రెండు గంటలు ఎందుకమ్మా? ఏడాదిన్నర పిల్లకి నలభై నిమిషాలు దాటితే ఆకలో నిద్రో ముంచుకొస్తుంది. అన్నకి ఆట అప్పుడే రంజుగా ఉంటుంది. అక్కడ మొదలవుతుంది మీ గొడవ. పైగా రోజు విడిచి రోజు కాబట్టి, ఇవాళ దిగితే మళ్లీ ఉయ్యాల ఎప్పుడు దొరుకుతుందో నాలుగేళ్లవాడికి తెలియదు. ‘ఎల్లుండి’ అనే మాటకి వాడి దగ్గర అర్థం లేదు. రేపు కూడా వస్తామని ఒంటికి తెలిసిన పిల్లాడు ఉయ్యాలని అంత గట్టిగా పట్టుకోడు. అందుకని రోజూ వెళ్లండి, నలభై నలభై ఐదు నిమిషాల్లో వచ్చెయ్యండి. ఒంట్లో బాగోలేని రోజు ఇరవై నిమిషాలే వెళ్లి రండి. అదే పార్కు, అదే వేళ, వీలైతే అదే బెంచీ. పెద్దవాళ్లకి విసుగొస్తుంది గానీ, చిన్నపిల్లలకి చూసిన చోటే మళ్లీ చూడటం ఇష్టం. ఏ చెట్టు కింద చీమల పుట్ట ఉందో, ఏ కొళాయి కారుతోందో వాడికి తెలిసిన రోజున ఆ పార్కు వాడిది అవుతుంది. ఆ తర్వాత మీకు సగం పని తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం కొన్ని లెక్కలు చెప్పింది. ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలు ఒళ్లు కదల్చాలి. మూడు, నాలుగేళ్ల వాళ్లయితే అందులో గంటసేపు రొప్పేలా ఆడాలి. మూడు గంటలు అనగానే టెన్షన్ పడకండి, మీ సోఫా దూకుళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆ గంటసేపు రొప్పడం మాత్రం మూడో అంతస్తు ఫ్లాట్‌లో కుదిరే పని కాదు. దానికే పార్కు.

ఇద్దరూ చెరోవైపు పరిగెత్తే సంగతి. ఇద్దరి వెనకా తిరగాలని చూడకండి, ఎవరికీ సాధ్యం కాదు. పాపకి ఒక స్థావరం ఏర్పాటు చెయ్యండి, బాబు ఆడే చోటు మీ కళ్ల ముందుండాలి. ఇసుక ఉంటే అంతకంటే మంచి స్థావరం లేదు. ఒక స్టీలు గ్లాసు, పాత గరిటె, ప్లాస్టిక్ డబ్బా చాలు, కొన్న బొమ్మలెందుకు? కాలి మీద తడి ఇసుక మెత్తి, కాలు మెల్లగా బయటికి లాగి పిచ్చుక గూడు కట్టడం మన చిన్నప్పుడు అందరికీ వచ్చు. పాపకి ఇప్పుడు కట్టి చూపిస్తే చాలు, కూల్చే పని తనే చూసుకుంటుంది. మీరు ఇసుక పక్కన కూర్చుంటే ఉయ్యాలలు కనిపించాలి, గేటు కూడా కనిపించాలి. ఇద్దరికీ కొట్టొచ్చినట్టు కనిపించే రంగు చొక్కాలు వెయ్యండి, నారింజో పసుపో. గుంపులో కంటికి ముందు రంగే ఆనుతుంది.

మొదటి రోజు పిల్లలు లేకుండా ఒక్కరే వెళ్లి పార్కంతా ఒక చుట్టు తిరిగి రండి. ఉయ్యాల కింద ఏముందో చూడండి. ఆటస్థలాల్లో తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం కింద పడటం వల్లే కాబట్టి, ఎంత ఎత్తు నుంచి పడతారన్నదెంతో, దేని మీద పడతారన్నదీ అంతే ముఖ్యం. లోతుగా వదులు ఇసుకో, మెత్తటి రబ్బరు పరుపో ఉంటే మంచిది. తొక్కి తొక్కి గట్టిపడిన నేల సిమెంటుతో సమానం. మూతలేని సంపు, బోరు మోటారు గది తలుపు, దీపస్తంభం అడుగున వేలాడే తీగలు, వీటిని మాత్రం వదలకండి. వానాకాలంలో తడి నేల, తెగిన తీగ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? కనిపించగానే ఫోటో తీసి మున్సిపల్ యాప్‌లో పెట్టండి, వాచ్‌మన్‌కి చెప్పండి, వాకింగ్‌కి వచ్చే పెద్దల చెవినా వెయ్యండి. నా అనుభవంలో యాప్ కంటే ఆ పెద్దల ఫోనే తొందరగా పని చేయిస్తుంది. రిటైరయ్యాక వాళ్లకి కావలసింది కూడా అదే కదా, వెంటపడటానికో పని.

ఇంకో రెండు సంగతులు. ఈమధ్య ప్రతి కాలనీ పార్కులో ఓపెన్ జిమ్ పెట్టారు. అటూ ఇటూ ఊగే ఆ ఇనుప సామాను పెద్దవాళ్ల కాళ్లకీ చేతులకీ సరిపోయేలా చేసింది. పిల్లలకి మాత్రం అది ఇంకో ఉయ్యాలలాగే కనిపిస్తుంది. ఒకరు ఊగుతుంటే కింద నుంచి దూరిన ఏడాదిన్నర పిల్ల తల సరిగ్గా ఆ ఇనుప పెడల్ ఎత్తులో ఉంటుంది. ఆ వైపు పాపని అసలు వదలకండి. రెండోది మొక్కలు. పార్కుల కంచెల వెంబడి పచ్చగన్నేరు, గన్నేరు విరివిగా పెంచుతారు. చూడ్డానికి బాగుంటాయి, నీళ్లు తక్కువైనా బతుకుతాయి. కానీ ఆ కాయలు, గింజలు విషం. అందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పాపది. ఆ చెట్ల కింద కూర్చోకండి. ఎప్పుడైనా నమిలినట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా, ఆ కాయ కూడా తీసుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

మెడలో ఉన్నవి కూడా చూసుకోండి. తాయెత్తు తాడు, గొలుసు, చలికాలంలో టోపీ దారం, ఆడపిల్లలకి సరదాగా వేసే చిన్న చున్నీ... జారుడుబల్ల కమ్మీకి ఇవి చిక్కుకుంటే మెడకి ఉరిలా బిగుసుకుంటాయి. ఇంట్లో తీసేసి వెళ్లండి. అత్తయ్యగారు తాయెత్తు తియ్యొద్దంటే మొలతాడుకి కట్టండి, ఆవిడకీ తృప్తి, మీకూ నిశ్చింత.

బాబు తోసేస్తున్నాడన్నారు. నాలుగేళ్లవాడు తోస్తే చెడ్డవాడని కాదు, మాట కంటే చెయ్యి ముందు వస్తుందంతే. అలాగని వదిలెయ్యమనడం లేదు. తోసిన క్షణంలో దూరం నుంచి అరవకండి. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని ‘తోయకూడదు. నాకూ కావాలి అని అడుగు’ అని చెప్పి, మీ ముందే అడిగించండి. మళ్లీ తోస్తే ఐదు నిమిషాలు మీ పక్కన బెంచీ మీద కూర్చోవాలి. ఉపన్యాసం వద్దు. వాడు తోస్తే పడిన పిల్లాడి దగ్గరికి ముందు మీరు వెళ్లి ‘దెబ్బ తగిలిందా నాన్నా?’ అని అడగండి. వాళ్ల అమ్మకి కావలసింది అదే. మీ వాణ్ణి అందరి ముందూ రెండు దెబ్బలు వేసి చూపించక్కర్లేదు. చాలామంది తల్లులు కొట్టేది పిల్లాడి కోసం కాదు, చూసేవాళ్ల కోసం. పార్కులో మిమ్మల్ని చూసే వాళ్లలో సగం మంది ‘హమ్మయ్య, మావాడు ఒక్కడే కాదు’ అనుకుంటున్నారు, నన్ను నమ్మండి.

ఉయ్యాల వంతులకి గడియారం పనికిరాదు, లెక్క పెట్టండి. ఇరవై ఊపులు, అయ్యాక దిగాలి. వరసలో నిలబడ్డ పిల్లలందరితో కలిసి గట్టిగా లెక్కపెట్టించండి. వాళ్లకి అంకెలు వస్తాయి, దిగేవాడికి అవమానంగా ఉండదు. వేరే పిల్లాడు దిగకపోతే? ‘ఇరవై అయ్యాక మా బాబుకిస్తావా కన్నా?’ అని నేరుగా ఆ పిల్లాడినే అడగండి. దిగకపోతే అప్పుడు వాళ్ల పెద్దవాళ్లతో చెప్పండి. ఎదురుది కూడా చెప్పాలి. ఎవరైనా వచ్చి అడగ్గానే ‘మంచివాడివి కదా, ఇచ్చెయ్’ అని మీ వాణ్ణి సగం ఊపులో దించేస్తున్నారేమో చూసుకోండి. మర్యాద మీకు దక్కుతుంది, ఉయ్యాల వాడికి పోతుంది. రేపు వాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. వాడి ఇరవై వాడికి పూర్తవ్వాలి.

ఇక ఇంటికి బయల్దేరడం. దీని గురించి నాకు వచ్చే ఉత్తరాలు ఇన్నీ అన్నీ కావు. ‘ఇంకో ఐదు నిమిషాలు’ అనడం మానండి. ఐదు నిమిషాలంటే ఎంతో వాడికి తెలియదు. మీరు కూడా ఐదన్నది పదిహేను చేస్తారు, అది మాత్రం వాడికి బాగా తెలుసు. దాని బదులు ‘ఇంకో మూడుసార్లు జారి బయల్దేరదాం’ అనండి. మూడోసారి అయ్యాక నాలుగోది ఉండదు. వర్షం వచ్చినా, ఏడ్చినా, పక్కింటావిడ ‘పోనీలెండి’ అన్నా ఉండదు. తర్వాత వాడికో పని ఇవ్వండి. నీళ్ల సీసా మొయ్యడమో, ఇంటి తాళం చెవి పట్టుకోవడమో, లిఫ్ట్ బటన్ నొక్కడమో. మా మనవరాలు పార్కులో ప్రతి వస్తువుకీ ‘టాటా’ చెప్పి గానీ కదలదు: ఉయ్యాలకి టాటా, చెత్తబుట్టకి టాటా, నిద్రపోతున్న పిల్లికి టాటా. నాలుగు నిమిషాలు పడుతుంది. ఏడుపుకి పట్టే ఇరవై నిమిషాలతో పోలిస్తే లాభమే.

‘వాచ్‌మన్ అంకుల్ పట్టుకెళ్తాడు’, ‘బూచాడొస్తున్నాడు’, ‘నువ్వుండు, నేను వెళ్లిపోతున్నా’... ఈ మూడూ వద్దు. నిజంగా తప్పిపోయిన రోజున వాడు సాయం అడగవలసింది ఆ వాచ్‌మన్‌నే. మీరు గేటు దాకా వెళ్లిపోయే నాటకం మొదట్లో పనిచేస్తుంది, ఆ తర్వాత మీరు నిజంగా వదిలేస్తారేమోనని ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్లినా వెంటపడతాడు. అన్నీ చేసినా మొదటి వారం దొర్లుతాడు. ఒక చంకలో వాణ్ణి, ఇంకో చంకలో పాపని ఎత్తుకుని నడవలేరు కాబట్టి, ఆ వారం మీ ఆయన్నో అత్తయ్యనో ఆ వేళకి గేటు దగ్గరికి రమ్మనండి.

గేటు అనగానే బండ్లు గుర్తొచ్చాయి. బుడగలు, పీచుమిఠాయి, గాల్లోకి ఎగిరే లైటు బొమ్మలు. గులాబీ రంగు పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే రంగు తేలడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దాని అమ్మకాన్నే నిషేధించింది. అది బట్టలకీ కాగితాలకీ వాడే రంగు. లైటు బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ పాప మింగితే గొంతులో గంటల్లోనే పుండు పడుతుంది, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సిన విషయం అది. అలాగని రోజూ గేటు దగ్గర యుద్ధం చెయ్యలేరు. వారంలో ఒక రోజు పెట్టుకోండి, శనివారం ఒక బుడగ. మిగతా రోజుల్లో మరమరాల డబ్బా, అరటిపండు ఇంటి నుంచే. బుడగ పగిలితే ఆ ముక్కలు వెంటనే ఏరెయ్యండి, పాప నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.

అత్తయ్యగారి మాటల్ని కొట్టిపారెయ్యకండి. ఆవిడ చెప్పిన మూడూ నిజమైన భయాలే.

మట్టి సంగతి చెప్పండి: చెప్పులతోనే ఆడతారు, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుగుతాం, గోళ్లు పెరగనివ్వం. ఇసుకలో పిల్లులు, కుక్కలు వెళ్లిన గుర్తు కనిపిస్తే ఆ రోజు అటు వెళ్లం. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో నులిపురుగుల మందు ఉచితంగా ఇస్తారు. ఏడాది నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఆల్బెండజోల్ మాత్ర, రెండేళ్లలోపు వాళ్లకి సగం మాత్ర, అదీ పొడి చేసి నీళ్లలో కలిపి. ఆ రోజు తప్పిపోతే మీ పిల్లల డాక్టర్ని అడగండి.

ఎండ కూడా నిజమే. మార్చి దాటితే మన హైదరాబాద్‌లో సాయంత్రం ఐదున్నరకి ముందు పార్కు వద్దు, ఉదయమైతే ఎనిమిదిలోపు. ఇనుప జారుడుబల్లే కాదు, ముదురు రంగు ప్లాస్టిక్‌దీ రబ్బరు నేలా కూడా కాలతాయి. పిల్లల్ని ఎక్కించే ముందు మీ చేతి వెనక భాగం ఆనించి ఐదు లెక్కపెట్టండి. మీరు ఆనించి ఉంచలేకపోతే వాళ్ల తొడలు అసలు తట్టుకోలేవు. వానలు మొదలయ్యాక నిండు చేతుల చొక్కాలు, ప్యాంట్లు వెయ్యండి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, పొద్దున్నే, పొద్దుగూకే ముందూ ఇంకా ఎక్కువ. సరిగ్గా మనం పార్కుకి వెళ్లే వేళలే. ‘నల్లబడతారు’ అనే మాట వస్తే మాత్రం నవ్వి ఊరుకోండి, దానికి జవాబు అవసరం లేదు.

కుక్కల భయం ఉత్తది కాదు. కంచె, గేటు ఉన్న పార్కునే ఎంచుకోండి. తినే వస్తువు చేత్తో పట్టుకుని తిరగనివ్వకండి. కుక్క దగ్గరికొస్తే పరిగెత్తకుండా చేతులు ఒంటికి ఆనించి చెట్టులా నిలబడటం బాబుకి ఇంట్లోనే ఆటలా నేర్పండి. పాపనైతే వెంటనే ఎత్తుకోవడమే. కరిచినా, గోరు గీసుకున్నా కారే కొళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. ఆ రోజే టీకా మొదలవ్వాలి. రక్తం వచ్చిన గాయమైతే దానికి తోడు గాయంలోకి ఇంకో ఇంజెక్షన్ కూడా ఉంటుంది, అది అడిగి వేయించుకోండి. నారాయణగూడలోని ఐపీఎంలో (ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో వేస్తారు. మొదటి డోసు వేయించి మిగతావి వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చాలా ప్రమాదం. తేదీలు రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి.

ఇవన్నీ చెప్పాక అత్తయ్యగారిని ఒకరోజు మీతో రమ్మనండి. ఏ పార్కులోనైనా సాయంత్రం ఐదున్నరకి ఒక పెద్దవాళ్ల బెంచీ ఉంటుంది. మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలై కోడళ్ల దాకా సాగుతుంది. రెండోరోజు నుంచి ‘ఇంకా బయల్దేరలేదా?’ అని ఆవిడే అడుగుతారు. మీ గురించి నాలుగు మాటలు పడతాయి. పడనివ్వండి, ఇసుక దగ్గర రెండో మనిషి దొరికారు కదా.

మీవారి మాల్ సంగతి. నాకు ప్లే జోన్ల మీద కోపం లేదు. కుండపోత వానలో, మే నెల మధ్యాహ్నం వెళ్లండి. కానీ అక్కడ గంటకింత అని కొన్న టైము కాబట్టి, ఆగి చూడటమంటూ ఉండదు. చీమ ఉండదు, రాలిన ఆకు ఉండదు, ఏమీ చెయ్యకుండా నిలబడే పిల్లాడు ఉండడు. పైగా నెలకి నాలుగుసార్లకయ్యే ఖర్చు చూస్తే మీవారే ఆలోచిస్తారు. ఆయన్ని ఒప్పించడానికి వాదన కంటే మంచి మార్గం ఉంది. వారంలో ఒక సాయంత్రం ఇద్దర్నీ ఆయనకి అప్పగించండి. సంచి కూడా మీరు సర్దకండి. నీళ్లు మర్చిపోతారు, డైపర్ మర్చిపోతారు, ఒకసారి తడి గుడ్డలతో ఇంటికొస్తారు. రెండోసారి మర్చిపోరు. మీరేమో ఆ గంట నిద్రపోండి. పార్కుకి వెళ్లేది పిల్లల కోసం, మీరు వెళ్లకుండా ఉండేది మీ కోసం. రెండూ కావాలి.

ఆదివారం పెద్ద పార్కులు మానమనను. కాకపోతే నెలకొకటి చాలు. అదీ చూసి రావడానికి కాదు, కూర్చుని రావడానికి. మీకు దగ్గర దారి చెప్తాను. మూసాపేటలో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా అసెంబ్లీ స్టేషన్‌లోనో, నాంపల్లిలోనో దిగొచ్చు. పక్కనే పబ్లిక్ గార్డెన్స్, పాతవాళ్లు బాగ్-ఎ-ఆమ్ అంటారు, అందరి తోట అని. పాతకాలపు చెట్ల నీడ, పరిగెత్తడానికి పచ్చిక, లోపలే బాలభవన్. మీవాడికి మెట్రో ప్రయాణమే సగం పండగ. అక్కడి మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఉంది. దాన్ని ఇంకో మూడేళ్లు ఆగి చూపించండి, లేకపోతే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. దోమలగూడ వైపు ఇందిరా పార్కు ఉంది, 76 ఎకరాలు. అంత చోటులో పిల్లలు కనిపించకుండా పోవడం తేలిక. అందుకని లోపలికి అడుగుపెట్టగానే ఇద్దరికీ ఆ రోజు బట్టలతో ఫోన్‌లో ఒక ఫోటో తియ్యండి. బాబుకి మీ ఫోన్ నంబరు పాటలా నేర్పండి. ఒకవేళ కనిపించకపోతే మొదట నీళ్ల వైపు వెళ్లి చూడాలి, చెరువైనా ఫౌంటెన్ అయినా. ఆ తర్వాతే మిగతా దిక్కులు. వెంటనే గేటు దగ్గర చెప్పండి, 112కి ఫోన్ చెయ్యండి. కేబీఆర్ పార్కు బాగుంటుంది గానీ అది నడిచేవాళ్ల చోటు. పొద్దున్నే నెమలి కనిపిస్తే కనిపిస్తుంది, ఉయ్యాలల కోసం వెళ్తే నిరాశే.

జూ దగ్గర మీరు చేసిన పొరపాటు అందరూ చేసేదే. అది 380 ఎకరాలు. 1963లో బహదూర్‌పురాలో తెరిచినప్పుడు, పబ్లిక్ గార్డెన్స్‌లో ఇరుకుగా ఉన్న జంతువులకి చోటు కావాలనే అంత పెద్దది చేశారు. ఏడాదిన్నర పిల్లకి అందులో పదో వంతు కూడా ఎక్కువే. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని మనం పులి నుంచి పాముల దాకా లాక్కెళ్తాం. పాప మాత్రం గేటు దగ్గర ఉడుతని చూసి సంబరపడిపోతుంది. ఈసారి గేటు తెరిచే వేళకి వెళ్లండి. ఇంటి దగ్గరే బాబుని అడగండి, ఏనుగా, కోతులా, నీటిగుర్రమా? ఒక్కటే. బ్యాటరీ బండి ఎక్కి నేరుగా అక్కడికి వెళ్లి, అరగంట అక్కడే కూర్చోండి. ఏనుగు తినడం చూడండి, పేడ వెయ్యడం చూడండి, వాడు అడిగే వంద ప్రశ్నలకీ తెలిసినంత చెప్పండి. తర్వాత చెట్టు కింద తెచ్చుకున్న పులిహోర తిని, పాపకి నిద్ర ముంచుకొచ్చే లోపు, అంటే పదకొండున్నరకల్లా బయటపడండి. పులి మిగిలిపోతుంది. దానికోసం ఇంకోసారి వెళ్లొచ్చు. సోమవారం మాత్రం వెళ్లకండి, జూకి సెలవు.